ఆరు వారాల పంట

అమెరికాలో బడిపిల్లల సరుకులు అమ్మే వ్యాపారానికి ఏడాదికి ఒకటే పంట. జులై నడిమిన మొదలై ఆగస్టు ఆఖరుకల్లా కోత అయిపోతుంది. నోటుపుస్తకాలు, పెన్సిళ్ళు, క్రేయాన్లు, జిగురు సీసాలు, ఫోల్డర్లు - ఆ ఆరేడు వారాల్లో అమ్ముకున్నవాడు బాగుపడతాడు. అమ్ముకోలేనివాడు వచ్చే జులై దాకా గోడౌను అద్దె కట్టుకుంటూ కూర్చుంటాడు.

నేను ఒహాయో రాష్ట్రంలో అలాంటి సరుకు పంపిణీ చేసే ఒక కంపెనీలో చాలా ఏళ్ళు నిలవ సరుకు లెక్కలు చూశాను. ఏ వస్తువు ఎంత కొనాలి, ఎప్పుడు కొనాలి, ఎన్నాళ్ళు అట్టే పెట్టాలి - ఇదీ నా ఉద్యోగం. మనవాళ్ళ పార్టీల్లో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే ఈ మాటే చెప్పేవాణ్ణి. సాఫ్ట్‌వేరు కాదని తెలిశాక కాస్త చప్పబడి, "నోటుపుస్తకాలే కదండీ, పాలూ పెరుగూ కాదుగా పాడైపోవడానికి! ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అమ్ముకోవచ్చు" అనేవారు.

ఆ మాటకి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. ఎందుకంటే ఈ సీజను ఎండాకాలం, వానాకాలం లాగా దేవుడిచ్చింది కాదు. సుమారు నూటయాభై ఏళ్ళలో మనుషులు తయారుచేసుకున్నది. అది తయారవుతున్న కొద్దీ, మిగిలిపోయే సరుకు భారం ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదికి మారుతూ వచ్చింది. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలనే ఈ ప్రయత్నం.

పలక అరగదు

పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా బడిపిల్లవాడి సామాను అంటే ఒక పలక, ఒక బలపం. పెన్సిల్వేనియాలోని లీహై కౌంటీలో స్లేటింగ్టన్ అనే ఊరుంది. పేరులోనే పలక ఉంది. 1840లలో వేల్స్ దేశం నుంచి వలస వచ్చినవాళ్ళు ఆ ప్రాంతంలో రాతి గనులు తెరిచారు. ఇంటి కప్పులకి పెంకులు, బడులకి నల్లబల్లలు, పిల్లలకి చెక్క చట్రం బిగించిన పలకలు అక్కణ్ణించి ఊరూరికీ వెళ్ళేవి.

ఈ సంగతి చదువుతుంటే మనకి నల్లమల అంచున ఉన్న మార్కాపురం గుర్తు రాక మానదు. మా తరంలో ఎంతోమంది ఓనమాలు దిద్దింది మార్కాపురం పలకల మీదే. దొండాకుతో రుద్ది, బొగ్గు పూసి, ఎండలో ఆరబెడితే పాత పలక మళ్ళీ కొత్తదయ్యేది.

వ్యాపారి కళ్ళతో చూస్తే పలకకి ఉన్న పెద్ద లోపం అదే. అరగదు. అన్న పలక తమ్ముడికి, తమ్ముడి పలక చెల్లెలికి వస్తుంది. పగిలితే తప్ప కొత్తది కొనరు. పగలడానికి ఫలానా నెల అంటూ లేదు. దుకాణదారు అటక మీద పాతిక పలకలు పెట్టుకుంటే ఏడాది గడిచిపోతుంది. పలక రోజుల్లో నాలాంటివాడి ఉద్యోగం అవసరమే లేదు.

కాగితం వచ్చి ఈ లెక్క మార్చేసింది. అంతకు ముందు కాగితం పాత గుడ్డపేలికల నుంచి తయారయ్యేది కనక ఖరీదెక్కువ. 1844లో జర్మనీలో కెల్లర్ అనే నేతపనివాడు కర్రని నూరి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాడు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత కర్రగుజ్జు మిల్లులు పెరిగి, శతాబ్దం ముగిసేలోగా కాగితం బాగా చవకైంది. దానికి తోడు ఆరోగ్య సంస్కర్తలు పలకల మీద దండెత్తారు. కారణం మనందరికీ తెలిసిందే. పిల్లలు పలకని ఉమ్మితో తుడుస్తారు. ఒకరి పలక ఇంకొకరు వాడతారు. క్షయ, డిఫ్తీరియా లాంటి రోగాలకి సూక్ష్మజీవులే కారణమని అప్పుడప్పుడే తెలుస్తున్న రోజులవి. దాంతో బడులు ఒకటొకటిగా పలకలు మానేశాయి.

పెన్సిల్వేనియాలోనే ఈస్టన్ అనే ఊళ్ళో బిన్నీ అండ్ స్మిత్ కంపెనీ 1900లో బలపాలు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ తర్వాత దుమ్ము రాలని సుద్దముక్కలు చేసింది. 1903లో ఎనిమిది రంగుల క్రేయోలా పెట్టె తెచ్చి అయిదు సెంట్లకి అమ్మింది. బలపం నుంచి క్రేయాన్‌కి మారడానికి ఆ కంపెనీకి మూడేళ్ళే పట్టింది.

పెన్సిలు కథలో మనకీ కాస్త వాటా ఉంది. 1890 ప్రాంతంలో, అప్పటి ఆస్ట్రియా-హంగరీలో ఉన్న హార్ట్‌ముత్ కంపెనీ పసుపు రంగు పూసిన ఖరీదైన పెన్సిలు ఒకటి తెచ్చి దానికి కోహినూర్ అని పేరు పెట్టింది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకునే వజ్రం పేరే అది. పసుపు అంటే మేలురకం అని జనానికి నమ్మకం కుదరడంతో అమెరికా కంపెనీలు కూడా తమ పెన్సిళ్ళకి పసుపు పూశాయి. ఈనాటికీ ఇక్కడ బడి పెన్సిలు అంటే పసుపే.

కాగితం అయిపోతుంది. పెన్సిలు అరుగుతుంది. క్రేయాన్ విరుగుతుంది. అన్న వాడినవి తమ్ముడికి పనికిరావు. ఏడాదికోసారి కొనక తప్పని సరుకు అలా పుట్టింది.

అందరికీ ఒకేసారి

సరుకు అరిగినంత మాత్రాన సీజను రాదు. అందరూ ఒకేసారి కొనాలి. అందుకు బడి క్యాలెండరు కావాలి.

అమెరికాలో వేసవి సెలవులు వ్యవసాయం కోసం పెట్టారని చాలామంది అంటారు. అది నిజం కాదు. పల్లెబడులు చలికాలంలోనూ, నడివేసవిలోనూ నడిచేవి. పిల్లలు పొలంలో కావలసింది వసంతంలో విత్తేటప్పుడు, శరత్తులో కోసేటప్పుడు. పెద్ద పట్టణాల్లో బడులు ఇంచుమించు ఏడాది పొడుగునా తెరిచే ఉండేవి. ఈ రెంటినీ ఒక దారికి తెచ్చే ప్రయత్నంలో, ఎండకి ఊళ్ళు వదిలి వెళ్ళే కలిగినవాళ్ళ అలవాటు కూడా కలిసి, పంతొమ్మిదో శతాబ్దం చివరికి వేసవి సెలవు స్థిరపడింది. నిర్బంధ విద్య చట్టం 1852లో మసాచుసెట్స్‌లో మొదలై, 1918లో మిసిసిపీతో దేశమంతా పూర్తయింది. ఇక ప్రతి పిల్లవాడూ బడికి పోవాల్సిందే, అదీ వేసవి ముగిశాకే.

అయితే వేసవి ముగింపు అన్నిచోట్లా ఒక్కరోజు కాదు. జార్జియా లాంటి దక్షిణ రాష్ట్రాల్లో ఆగస్టు మొదట్లోనే బడులు తెరుస్తారు. న్యూయార్కు వైపు సెప్టెంబరులో లేబర్ డే దాటాక. విహారస్థలాల వ్యాపారం దెబ్బతినకుండా లేబర్ డే దాకా బడి తెరవకూడదని వర్జీనియా 1986లో చట్టమే చేసి, 2019లో సడలించింది. మాబోటివాళ్ళకి ఈ తేడా వరం. గిరాకీ దక్షిణం నుంచి ఉత్తరానికి పాకుతూ వస్తుంది. అట్లాంటాలో మిగిలినది లారీకెత్తి బఫెలోలో అమ్ముకోవడానికి మూడు వారాల వ్యవధి దొరుకుతుంది. మనవైపు ఆ వెసులుబాటు తక్కువ. జూన్ 12 అంటే శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా జూన్ 12.

భారం ఎవరిది?

మసాచుసెట్స్ రాష్ట్రం 1884లో ఇంకో చట్టం చేసింది. బడి పుస్తకాలూ, రాతసామానూ ఊరే పిల్లలకి ఉచితంగా సమకూర్చాలని. క్రమంగా ఇంకొన్ని రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. పంపిణీదారుకి అది నిశ్చింత వ్యవహారం. వసంతంలో స్కూలు జిల్లా టెండరు పిలుస్తుంది. ఇన్ని వేల పెన్సిళ్ళు, ఇన్ని రీముల కాగితం అని రాసిస్తుంది. వేసవిలో దింపేస్తే సరి. ఎంత కావాలో ముందే తెలుసు కనక మిగిలేది తక్కువ. లెక్క తప్పితే ఆ నష్టం జిల్లాది, అంటే ఊరందరిదీ.

ఇప్పటికీ జిల్లా టెండర్లు ఉన్నాయి. కానీ బడ్జెట్లు బిగుసుకున్న కొద్దీ సామాను కొనే పని తల్లిదండ్రుల మీదికి జరిగింది. వేసవిలో బడి నుంచి జాబితా వస్తుంది. ఇరవైనాలుగు పెన్సిళ్ళు, పన్నెండు జిగురు కడ్డీలు, రెండు పెట్టెల టిష్యూ కాగితం. ఆ జాబితా పట్టుకుని లక్షలమంది రెండు మూడు వారాంతాల్లో దుకాణాల మీద పడతారు. ఆగస్టులో కొన్ని రోజులపాటు బడి సీజను సరుకుల మీద అమ్మకం పన్ను ఎత్తేసే ఆచారం ఫ్లోరిడాలో 1998లో, టెక్సస్‌లో 1999లో వచ్చింది. మా ఒహాయోలో 2015లో. జనానికి నాలుగు డాలర్లు కలిసొస్తాయి, నిజమే. కానీ ఆరు వారాల గిరాకీలో పెద్ద భాగం ఆ కొద్ది రోజుల్లోకి వచ్చి పడుతుంది.

ఇంత గిరాకీ పుట్టాక సరుకు చెయ్యడం మొదలుపెడితే ఏ మిల్లూ అందుకోలేదు. అందుకని మిల్లులు చలికాలం నుంచే చేసి పెడతాయి. చేసినది దాచుకోవడం వాటికి ఇష్టం ఉండదు. సరుకు ఫిబ్రవరిలో తీసుకోండి, డబ్బు సెప్టెంబరులో ఇవ్వండి అంటాయి. దీన్ని మా వాడుకలో డేటింగ్ అంటారు. ఆ మాటకి తెలిసిన అర్థం వేరే ఉంది కాబట్టి కొత్తలో నేనూ తికమకపడ్డాను. అరువు ఉదారంగా కనిపిస్తుంది గానీ, గోడౌను అద్దె, బీమా, అమ్ముడుపోకపోతే వచ్చే నష్టం మిల్లు నుంచి పంపిణీదారుకి చేతులు మారినట్టే. పెద్ద దుకాణాల గొలుసులు మళ్ళీ పంపిణీదారుతో ఇదే బేరం ఇంకో రకంగా ఆడతాయి. అమ్ముడుపోనిది వెనక్కి తీసుకోవాలంటాయి.

పత్రి లెక్క

వినాయకచవితి పొద్దున పత్రి అమ్ముకునేవాడికి ఉన్న చిక్కే మాదీ. తక్కువ తెస్తే వచ్చిన బేరం పోతుంది. ఎక్కువ తెస్తే సాయంత్రానికి మేకలకి వెయ్యాలి. ఎంత తేవాలి?

దీనికి గణితం ఉంది. బ్యాంకు తన దగ్గర ఎంత నగదు ఉంచుకోవాలనే ప్రశ్న వేసుకుని ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త 1888లో దీనికి దారి వేశాడు. 1913లో ఫోర్డ్ హారిస్ అనే ఇంజనీరు ఒక ఫ్యాక్టరీ పత్రికలో, ఒక్కసారికి ఎన్ని చేస్తే ఖర్చు తగ్గుతుందో చెప్పే సూత్రం రాశాడు. ఆయన కాలేజీ చదువు చదవలేదు. ఆ వ్యాసం దశాబ్దాలపాటు మరుగున పడిపోయి, సూత్రం వేరేవాళ్ళ పేరుతో చలామణి అయింది. 1980ల చివర్లో గాని అసలు వ్యాసం మళ్ళీ వెలుగులోకి రాలేదు. 1951లో ఆరో, మార్షక్, ఇంకో హారిస్ కలిసి గిరాకీ అనిశ్చితంగా ఉన్నప్పటి లెక్కని పకడ్బందీగా రాశారు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని పేపరు కుర్రాడి లెక్క అంటారు. నాకు పత్రి లెక్క అంటేనే బాగుంటుంది.

ఉదాహరణకి తారీఖులు అచ్చేసిన ప్లానరు పుస్తకం రెండు డాలర్లకి కొని మూడుకి అమ్ముతామనుకుందాం. అమ్ముడుపోతే లాభం ఒక డాలరు. మిగిలితే నష్టం రెండు డాలర్లు, ఎందుకంటే గడిచిపోయిన ఏడాది ప్లానరు ఎవరికీ అక్కర్లేదు. లాభాన్ని, లాభనష్టాల మొత్తంతో భాగిస్తే మూడో వంతు. అంటే గిరాకీ మొత్తం తీరే అవకాశం మూడింట ఒక వంతు మాత్రమే ఉండేలా తక్కువ కొనాలి. అదే గీతల నోటుపుస్తకం యాభై సెంట్లకి కొని డెబ్భైకి అమ్మితే లాభం ఇరవై సెంట్లు. మిగిలితే వచ్చే ఏటికి అట్టే పెట్టడానికి అయిదు సెంట్లు అనుకుంటే, ఇరవైని పాతికతో భాగించాలి. అయిదింట నాలుగు వంతులు. కనక అది ధారాళంగా కొనాలి.

పార్టీల్లో అడిగినవాళ్ళకి జవాబు ఇదన్నమాట. నోటుపుస్తకం నిజంగానే వచ్చే ఏడు అమ్ముకోవచ్చు. ప్లానరు అమ్ముకోలేం. మిగతావన్నీ ఈ రెంటి మధ్యా ఉంటాయి. తేమకి కాగితం ఉబ్బుతుంది. ఎండలో నిలబెట్టిన లారీలో క్రేయాన్లు కరిగి ముద్దవుతాయి. జనవరి చలికి జిగురు గడ్డకట్టి విరిగిపోతుంది. సినిమా బొమ్మ వేసిన ఫోల్డరు ఆ సినిమాతోపాటే పాతబడుతుంది.

ఫ్యాషను సంగతి చెప్పుకుంటే ట్రాపర్ కీపర్ గుర్తొస్తుంది. మా డేటన్ నగరంలో 1846లో పుట్టిన మీడ్ కాగితం కంపెనీ ఆ బైండరు తెచ్చింది. రూపకర్త క్రచ్‌ఫీల్డ్. దేశమంతా ఒక్కసారి దింపకుండా 1978 ఆగస్టులో కాన్సస్ రాష్ట్రంలోని విచిటా నగరంలో మాత్రమే అమ్మి చూశారు. ఉన్నదంతా అమ్ముడైపోయింది. అయినా తొందరపడకుండా 1981లో గాని దేశమంతటా పెట్టలేదు. మా పనిలో ఇంతకంటే మంచి పాఠం నేను చూడలేదు. ఒక ఊరి ఒక సీజను అమ్మకం, వెయ్యిమంది నిపుణుల అంచనాకి సమానం.

డేటన్‌కి కూతవేటు దూరంలో ట్రాయ్ అనే ఊళ్ళో 1974 జూన్ 26న ఒక కిరాణా దుకాణంలో చూయింగ్ గమ్ పొట్లం మీద మొదటిసారి బార్‌కోడ్ చదివారు. అది వ్యాపించాక ఏ వస్తువు ఏ రోజు ఎన్ని పోయాయో దుకాణానికి అప్పటికప్పుడు తెలిసింది. ఆ లెక్క ఎవరి చేతిలో ఉంటే బేరంలో వాళ్ళదే పైచెయ్యి. అలా అధికారం మిల్లు నుంచి దుకాణానికి మారింది. మీడ్ కూడా 2002లో వెస్ట్‌వాకోతో కలిసిపోయింది. దాని నోటుపుస్తకాల విభాగం 2012లో ఆకో బ్రాండ్స్ చేతికి వెళ్ళింది.

సముద్రం మీద సరుకు

సరుకు దూరదేశాల నుంచి రావడం మొదలయ్యాక పత్రి లెక్క ఇంకా కష్టమైంది. ఆగస్టులో అమ్మే పుస్తకానికి అంతకు ముందు శరత్తులోనే ఆర్డరు పెట్టాలి. చైనా కొత్త సంవత్సరానికి ఫ్యాక్టరీలు మూతపడతాయి. ఓడ ప్రయాణం వారాల తరబడి. పోయిన సీజను లెక్కలు తేలకముందే రాబోయే సీజనుకి పందెం కాయాలి.

దానికి తోడు సుంకాలు. చైనా పెన్సిళ్ళ మీద 1994 డిసెంబరులో డంపింగ్ వ్యతిరేక సుంకం పడింది. 2005 సెప్టెంబరులో అమెరికా నోటుపుస్తకాల కంపెనీలు కొన్ని కలిసి చైనా, భారతదేశం, ఇండొనేషియాల నుంచి వచ్చే గీతల కాగితం మీద ఫిర్యాదు చేశాయి. సుమారు ఏడాదికి సుంకం ఖాయమైంది. ఈ సుంకంలో ఒక మెలిక ఉంది. సరుకు దిగేటప్పుడు కట్టేది డిపాజిట్ మాత్రమే. అసలు సుంకం ఎంతో తర్వాత సమీక్షలో తేలుస్తారు. పుస్తకం అమ్మేసి, పిల్లవాడు దాన్ని రాసి పారేసి, పై తరగతికి వెళ్ళిపోయాక, దాని ఖరీదు ఇంత అని మనకి కబురొస్తుంది. అట్ట వెనక మేడిన్ ఇండియా అన్న అక్షరాలు చూసి గోడౌనులో ఒక్కణ్ణీ మురిసిపోయే నేనే, ఆ పుస్తకాల ఆర్డరు తగ్గించమని సలహా రాయాల్సి వచ్చింది. రెండు దేశాల మధ్య బతికేవాడికి ఇలాంటివి తప్పవు.

2020 మార్చిలో బడులు మూతపడేనాటికి ఆ ఆగస్టుకి చేసిన ఏర్పాట్లన్నీ అయిపోయాయి. సరుకు కొంత సముద్రం మీద, కొంత గోడౌన్లలో. పిల్లలు ఇంట్లో కంప్యూటరు ముందు. మరుసటేడు బడులు తెరిచాయి, గిరాకీ వచ్చింది, కానీ లాస్ ఏంజలస్, లాంగ్ బీచ్ రేవుల బయట ఓడలు బారులు తీరి ఆగిపోయాయి. ఒక ఏడు సరుకుంది, కొనేవాడు లేడు. ఇంకో ఏడు కొనేవాడున్నాడు, సరుకు రాదు.

సూత్రంలో లేని ఖర్చు

ఇంతకీ భారం చివరికి ఎవరి నెత్తిన ఆగింది? మిల్లు పంపిణీదారుకి అప్పగించింది, పంపిణీదారు దుకాణానికి, దుకాణం మళ్ళీ పంపిణీదారుకి. స్కూలు జిల్లా తల్లిదండ్రులకి అప్పగించింది. తల్లిదండ్రులు కొనలేని చోట టీచరు కొంటుంది. అమెరికా విద్యాశాఖ గణాంకాల ప్రకారం 2014-15లో ప్రభుత్వ బడుల టీచర్లలో నూటికి 94 మంది తరగతి సామానుకి సొంత డబ్బు పెట్టారు. పెట్టినవాళ్ళ సగటు ఖర్చు 479 డాలర్లు. దీనికి పన్ను లెక్కలో 250 డాలర్ల దాకా మినహాయింపు 2002లో ఇచ్చారు. ఇరవై ఏళ్ళకి, 2022లో, అది 300 అయింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరులో ప్రభుత్వ బడుల పిల్లలకి సంచీ, నోటుపుస్తకాలు, యూనిఫారం గుడ్డ, బూట్లు కలిపి జగనన్న విద్యాకానుక పేరుతో ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రభుత్వం మారాక 2025లో అది సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. పేర్ల సంగతి ఎలా ఉన్నా, పని మాత్రం మసాచుసెట్స్ 1884లో తలకెత్తుకున్నదే. లక్షల పిల్లల బూట్ల కొలతలు ముందే తెలుసుకుని, బడి తెరిచే రోజుకి ప్రతి మండలానికీ చేర్చడం ఎంత కష్టమో నాలాంటివాడికి తెలుసు. అందులో ఆలస్యాలూ, మిగుళ్ళూ ఉంటాయి. కానీ ఆ నష్టం అందరి మధ్యా పంచుకున్నది. ఒక్క ఇంటి మీద పడేది కాదు.

నేను వాడిన సూత్రాల్లో సరుకు లేకపోవడానికి ఒకే ధర ఉంది - పోయిన లాభం. నోటుపుస్తకానికి ఇరవై సెంట్లు. బడి తెరిచిన మొదటివారం పుస్తకం లేకుండా కూర్చున్న పిల్లవాడికి దాని ధర ఎంతో ఆ సూత్రంలో రాయడానికి చోటు లేదు. హారిస్‌ని గాని, ఎడ్జ్‌వర్త్‌ని గాని తప్పు పట్టలేం. వాళ్ళు వ్యాపారి లెక్క రాశారు. పిల్లవాడి లెక్క రాయాల్సింది ఊరు. సూత్రంలో లేని ఆ ఖర్చుని ఎవరో ఒకరు తమ పద్దులో రాసుకున్న చోట, మసాచుసెట్స్ అయినా మార్కాపురం అయినా, బడి మొదటిరోజు అందరి చేతిలోనూ పుస్తకం ఉంటుంది.